తీపి లేని చక్కెర

ఉరుము ఉరిమిన రాత్రికి డెబ్బై రోజులు లెక్కపెట్టి
జహ్రా నుంచి అబూ మిష్‌అల్
ఇసుక రాలుతున్న గోనెసంచి తెచ్చి
ల్యాబ్ గడప మీద దించాడు.
ఫగా.
ఎడారి కడుపులో ఊరిన పుట్టగొడుగు.
పుట్టా లేదు, గొడుగూ లేదు,
చామదుంపకు వేలు విడిచిన చుట్టంలా ఉంది.
కిలో ఇరవై దీనార్లన్నాడు.
సీసాలు కడిగే ఓబులమ్మ
వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్కేసి
"నాలుగు కిలోలు, నా నెల జీతం" అంది,
ఎవరితోనూ కాకుండా.

కడిగాం, తొక్క గీకాం, బిళ్ళలుగా కోశాం.
నలభై డిగ్రీల ఓవెన్‌లో రెండు రోజులు.
పొడి కొట్టినప్పుడు గదంతా
తొలి చినుకు పడ్డ నిమిషపు వాసన.
"మా వంకలో నీళ్ళొచ్చినట్టుంది సామీ."
నేను నోట్‌బుక్‌లో రాశాను:
తేమ, డెబ్బై ఎనిమిది శాతం.

తొంభై డిగ్రీల నీళ్ళు, మూడేసి గంటలు, మూడు వాయిలు.
"ఇది గంజి వార్చడమే గదా,
దీనికి జర్మనీ మిషను ఎందుకు?"
నిజమే, వార్చడమే.
పిప్పి గుడ్డలో, గంజి గిన్నెలో,
కావలసింది ఆ గంజిలో
కంటికి ఆనకుండా ఉంది.

దాన్ని అడుక్కి దించేది ఇథనాల్.
ఈ దేశంలో ఆ సీసా
ఇనుప బీరువాలో, రెండు తాళాల వెనక ఉంటుంది.
ఒకటి డాక్టర్ వస్మియా దగ్గర,
ఒకటి భద్రతా విభాగం దగ్గర.
వాడిన ప్రతి మిల్లీలీటరుకూ సంతకం.
నా పేరు పరాంకుశం.
అరబ్బీలో ప లేదు గనక
ఆ రిజిస్టరులో నేను బరాంకుశాన్ని.
పోయినేడు పది మిల్లీలీటర్లు తగ్గితే
బరాంకుశాన్ని మూడుసార్లు పిలిపించారు.
ఆవిరి సంతకం పెట్టదని
ఏ భాషలో చెప్పను?

ఒక పాలు గంజికి నాలుగు పాళ్ళు,
చల్లగదిలో రాత్రంతా.
తెల్లారి తలుపు తీస్తే
బీకరు అడుగున
ఏకిన దూది.

ఇంకా ఉంది పని.
క్లోరోఫాం పోసి కుదిపితే
మధ్యలో జిగట పొరలా ప్రోటీను తేలుతుంది,
తీసేస్తే మళ్ళీ తేలుతుంది.
ఆరోసారికి అలిసింది, అదో నేనో.
తర్వాత సంచిలో కట్టి నీళ్ళలో వేలాడదీశాను.
ఆరు గంటలకోసారి నీళ్ళు మార్చడానికి
అర్ధరాత్రి షువైఖ్ రోడ్డు మీద నడిచి వచ్చాను.
ఉప్పులు, చిల్లర అణువులు సంచి దాటి పోయాయి.
పెద్ద గొలుసులు దాటలేక ఉండిపోయాయి.

ఇరవై గ్రాముల పొడికి
ఆరు వందల ముప్పై మిల్లీగ్రాములు.
ఊదితే పోయేంత.

"నాలిక మీద ఏసి చూసినా" అంది ఓబులమ్మ.
నా గుండె ఆగింది.
ఇక్కడేదీ రుచి చూడరాదని
గోడ మీద మూడు భాషల్లో ఉంది,
వాటిలో తెలుగు లేదు.
"చప్పగుండాది. చక్కెరంటివే!"
చక్కెరే ఓబులమ్మా.
గ్లూకోజు, మానోజు, గాలక్టోజు,
వేలకు వేలు, ఒకదాన్నొకటి పట్టుకుని.
ఆమె చీపురు ఆపి ఆలోచించింది.
"చెయ్యీ చెయ్యీ పట్టుకుంటే తీపి పోతాదా?"

జవాబు దొరక్క పరీక్షనాళిక తీశాను.
ఫినాల్, ఆపైన గాఢ గంధకామ్లం.
గాజు చెయ్యి కాలేంత వేడెక్కింది.
గొలుసు తునకలయ్యేదాకా
తాను చక్కెరనని ఒప్పుకోలేదు.
ఒప్పుకున్నాక మాత్రం
తంగేడుపూల రంగు, పాకం రంగు,
నాలుగు వందల తొంభై దగ్గర యంత్రం తలూపింది.

ఇన్‌ఫ్రారెడ్ గీతలో
ఎనిమిది వందల తొంభై దగ్గర చిన్న పల్లం.
బీటా బంధం.
మన కడుపులో దాన్ని తెంచే కత్తి లేదు.
"తిన్నా అరగదా? మరి అంత రేటెందుకు?"
డాక్టర్ వస్మియా నవ్వి, తర్జుమా చేయమంది.
నాకు చేతకాలేదు.

గుడ్డలో మిగిలిన పిప్పిని
ఓబులమ్మ అడిగింది, కూరకు.
నియమం ప్రకారం పసుపు సంచిలో వేశాను.
ఆమె ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు.

రాత్రి, కాలం కాని కాలంలో, ఉరిమింది.
ఫోను మోగింది. "ఇనిపించిందా సామీ?"
అవతల ఆమె అప్పుడే
వేళ్ళ మీద రోజులు లెక్కపెడుతోంది.

రిజిస్టరులో ఈసారి నాలుగు మిల్లీలీటర్లు తక్కువ.
కారణం గడిలో రాశాను:
గాలి.